మగ్గం లైటు బ్యాటరీ

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కరెంటు లేనప్పుడు నీ మగ్గానికి వెలుగిచ్చిన బ్యాటరీ పాడైంది. "ప్లేట్లు పోయాయండి, ఇంక ఛార్జింగ్ నిలవదండి" అన్నాడు అమలాపురం మెకానిక్కు. నాన్నగారు వినరు. రోజూ సాయంత్రం లైటు వేసి, బ్యాటరీకి మీటరు వైర్లు ఆనించి కూర్చుంటారు.

అప్పట్లో నువ్వు నేత ఆపకుండానే "ఎంతుంది నాన్నా?" అని కేకేసేవాడివి. ఆయన మీటరు చూసి ఎన్ని ఓల్టులో చదివేవారు. పదకొండుకి దిగితే బ్యాటరీ దెబ్బతింటుందని లైటు తీసేసి లేచేవాడివి.

ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. ఏం చెయ్యాలో తోచక ఇవాళ వంటింట్లోంచి నేనే అడిగాను, "ఎంతుంది నాన్నా?"

"పన్నెండుందిరా. ఇంకాసేపు నెయ్యొచ్చు" అన్నారు.

వెళ్లి చూశాను. ముల్లు ఎనిమిది దగ్గరుంది. లైటు తీసెయ్యమని చెప్పలేకపోయాను.

అక్క