విశాల్ కోపం పోయిందా?

గురజాల, జూన్ 3

ప్రియమైన జబ్బార్ బాబాయి గారికి,

జనవరిలో మీకు పెట్టిన గుండె మా ఆయన విశాల్‌ది. పేపర్లో మీ పేరు, ఊరు వేశారు. ఫోన్లో అయితే ఏడుస్తానని రాస్తున్నా. గుండెతో పాటు జ్ఞాపకాలు కూడా వస్తాయని ఎక్కడో చదివా. ఆ పొద్దున ఇద్దరం గొడవపడ్డాం. "నీ మొహం చూపించకు" అన్నా. విసురుగా బండెక్కి వెళ్ళాడు. పిడుగురాళ్ళ దగ్గర లారీ గుద్దింది. ఆ కోపం పోయిందా బాబాయ్? మీకేమన్నా తెలుస్తోందా?

లహరి

నరసరావుపేట, జూన్ 11

అమ్మా లహరీ,

నా భార్య మైమూనా పోయి ఆరేళ్ళు. అప్పట్నుంచి ఈ ఇంటికొచ్చిన ఉత్తరం ఇదొక్కటే. అతనికి నీ మీద కోపమేం లేదు తల్లీ. సాయంత్రమైతే నా నోటికి నీ పేరే వస్తా ఉంది. ఎవరో ఇంటికి పోదామని తొందర పెడుతున్నట్టుంటది. మీరిద్దరూ ఎట్టా ఉండేవాళ్ళో రాయి. ఇంకా గుర్తొస్తాయేమో.

నీ మంచి కోరే జబ్బార్

గురజాల, ఆగస్టు 20

ప్రియమైన బాబాయ్,

కోటప్పకొండ మెట్ల మీద ఆయన నా చెప్పులు మోయడం మీకు గుర్తొచ్చిందని రాశారు. ఎన్నిసార్లు చదివానో! గుంటూరు స్కూల్లో ఉద్యోగం వచ్చింది, వద్దన్నా. నాన్న తిట్టాడు. "విశాల్ నరసరావుపేటలో ఉన్నాడు, నేనింకెక్కడికి పోను?" అన్నా. వచ్చే నెల మీ వీధిలోనే గది తీసుకుంటా.

మీ లహరి

నరసరావుపేట, ఆగస్టు 24

లహరమ్మా,

రావద్దు. నాకేం గుర్తు రాలేదు. ఒక్కటీ రాలేదు. చెప్పుల సంగతి జూలైలో నువ్వు రాసిందే, తిప్పి రాశా. డాక్టర్ని కూడా అడిగా. "రక్తం తోసే కండ పెద్దాయనా, అంతే" అన్నాడు. "మరి సాయంత్రాలు ఈ దిగులేంది?" అన్నా. "అది మీదే" అన్నాడు.

నా మెకానిక్ షెడ్డు మూసేశాక నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నిజం చెప్తే ఉత్తరాలు ఆగిపోతాయని అబద్ధమాడా. నీ మొగుడి కోపం పోయిందో లేదో నాకు తెలవదు తల్లీ. ఎవరికీ తెలవదు. నువ్వు ఉద్యోగానికి పో.

క్షమించమనే మొహం కూడా లేని జబ్బార్

గుంటూరు, డిసెంబర్ 14

బాబాయ్,

నాలుగు నెలలు మిమ్మల్ని తిట్టుకుంటూనే ఉన్నా. ఆయన రెండోసారి పోయినట్టయింది. ఉద్యోగంలో చేరా. స్కూలు వదిలాక గదికొస్తే ఇక్కడ నాకూ ఎవరూ లేరు. ఆయన కోపంగానే పోయాడేమో. నేనన్న మాట నేనే మోసుకుంటా.

ఆదివారం పేట వస్తున్నా. విశాల్ గురించి ఒక్క మాట అడగను. మైమూనా పిన్ని ఎట్టా ఉండేదో చెప్పండి, వింటా.

లహరి