పైడి చేతులు వెళ్లే తీగ

2012 జూన్ 10, ఆదివారం

లైన్‌మన్ అప్పలరాజు వచ్చి బ్రాడ్‌బ్యాండ్ పెట్టి వెళ్లాడు. కొత్త తీగ ఏదో లాగుతాడనుకున్నాను. లాగలేదు. గోడ మేకులకు వేలాడుతున్న పాత టెలిఫోన్ తీగే. దాని చివర చిన్న డబ్బా — ఒక పక్క ఫోను, ఒక పక్క మోడెం.

"మాటకో దారి, నెట్టుకో దారి మావా. తీగ ఒకటే. ఒకదానికొకటి అడ్డం రావు."

తల ఊపాను. అర్థం కాలేదు. అడగడానికి మొహమాటం.

ఈ ఫోను వచ్చిన ఇన్నేళ్లలో మా అమ్మాయి పైడి దాన్ని ముట్టుకోలేదు. వినబడని పిల్లకి ఫోనెందుకు... ఇవాళ ఆ తీగ పొడుగునా వేలితో తడిమింది.

జూన్ 11

మోడెం మీద దీపాలు. ఒకటి ఆరుతుంది, వెలుగుతుంది. ఆగి నిలబడితే లైను దొరికినట్టంట. నిలబడింది. పైడి నా భుజం మీద చరిచింది. గట్టిగానే.

జూన్ 12

తెరలో సూరి. పాతపట్నంలో టైలరు. చెవిటి పిల్లల బడిలో పైడితో చదివినవాడు. ఇన్నాళ్లూ సెల్లులో మెసేజీలే. పైడి టైపు చేసే జిరాక్సు షాపువాళ్లు పాత కంప్యూటరు మాకిచ్చేశాక ఇద్దరికీ మెసేజీలు చాలలేదు. చేతులు చూడాలంట.

బడి సైగలు. ఎంత వేగమో. నాకు ఒక్క ముక్క తెలియలేదు.

పైడీ నేనూ మాట్లాడుకునేవి మిల్లు సైగలు. నేను పనిచేసిన జూట్ మిల్లులో మగ్గాల మోతకి ఎవడి మాటా ఎవడికీ వినబడదు. అంతా చేతులతోనే. అవే పైడికి నేర్పాను. పోగు తెగింది — రెండు వేళ్లు విడదీయాలి. మా మీద అజమాయిషీ చేసే సర్దారు వస్తున్నాడు — మీసం దువ్వాలి. వాళ్లమ్మ కోపంగా వస్తుంటే పైడి నాకు మీసం దువ్వి చూపిస్తుంది.

జూన్ 14

మా ఆవిడ సన్యాసమ్మ: "ఆ కుర్రోడు ఏటంటన్నాడు? పక్కనే కూకుంటావు గదా."

తెలీదన్నాను.

"నీకేటి తెలుసు మరి."

కొంచెం తెలుసు. పైడి ముఖం చూస్తే తెలుస్తుంది. ఆవిడకి చెప్పలేదు.

జూన్ 15

వంటింట్లో ఉన్న రెండో ఫోను సన్యాసమ్మ ఎత్తింది. వాళ్ల తమ్ముడు. అంతే, తెరలో సూరి బిగుసుకుపోయాడు. చెయ్యి గాల్లో. పైడి తెర మీద తట్టింది, తలుపు తట్టినట్టు.

రేపటి నుంచి పైడి కూర్చోగానే ఆ రిసీవరు తీసి పక్కన పెట్టేస్తాను. ఎవరి ఫోనూ రాకూడదు.

జూన్ 16

తీసిపెట్టాను. అయినా తెగింది.

జూన్ 18

ఇవాళా అంతే. వంటింట్లో పీట వేసుకుని రిసీవరు పక్కనే కూర్చున్నాను, ఎవరూ మళ్లీ పెట్టేయకుండా.

"ఫోనుకి కాపలా ఏటి, పొదిగే పెట్టకి కాసినట్టు?" — సన్యాసమ్మ.

దీపం నిలబడనే లేదు. పైడి కంప్యూటరు కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సైగ చేసింది. ఆదివారం. సూరి వాళ్లమ్మ. తెరలో. నీతో మాట్లాడుతుంది.

ఎందుకన్నాను.

మిల్లులో పెళ్లికి సైగ లేదు. పైడి కాసేపు ఆలోచించి బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెలి తిప్పింది. తెగిన పోగు కలిపేటప్పుడు మేం చూపేది.

అర్థమైంది.

జూన్ 20

అప్పలరాజుని పిలిచాను. వంటింట్లోకి తొంగి చూసి నవ్వాడు.

"ఈ రెండో ఫోను ఎవుడు తగిలించినాడు మావా?"

నేనే. ఎప్పుడో.

"దీనికి డబ్బా లేదు. రిసీవరు ఎత్తితే నెట్టు పోతాది. నువ్వు ఎత్తేసి కూకుంటే ఇంకేటొస్తాది?"

చెడగొట్టింది నేను. కాపలా కాసి మరీ.

మాటది లావు గొంతంట. నెట్టుది మన చెవికి అందనంత సన్న గొంతు. ఆ సన్నది ఫోనులోకి పోకుండా డబ్బా ఆపుతుందంట. ఇప్పుడు తెలిసింది. మగ్గాల మోతలోంచే మా సైగలు నడిచేవి, అలాగ.

దానికీ ఒక డబ్బా పెట్టాడు. సన్యాసమ్మ తమ్ముడితో అరగంట మాట్లాడింది. సూరి ఆగలేదు.

పోతుంటే అడిగాను — సూరి మాకు బాగా కనబడతాడు, వాడికి పైడి చేతులు చెదిరిపోతున్నాయంట, ఎందుకని.

"వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు మావా. అమ్మాయిని నిమ్మళంగా ఊపమను."

జూన్ 21

పైడి నిమ్మళంగా చేతులు కదుపుతోంది. సూరి కోసం. నాకూ కొంచెం కొంచెం తెలుస్తోంది... అన్నం తిన్నావా. వాన పడిందా.

సన్యాసమ్మ వెనక నుంచి వెళ్తుంటే తెరలో సూరి మీసం దువ్వాడు. పైడి నేర్పేసిందన్నమాట. నవ్వు ఆపుకోలేకపోయాను.

జూన్ 23

రేపే. పైడి వెళ్లిపోతే నాతో చేతులతో మాట్లాడేది ఎవరు. ఈ మాట పైడికి చెప్పను.

"రేపైనా నోరు తెరు. బెల్లం కొట్టిన రాయిలాగ కూకోకు" — సన్యాసమ్మ.

జూన్ 24, ఆదివారం

ఉతికిన చొక్కా. దీపం నిలబడింది. సూరి, పక్కన వాళ్లమ్మ. ఆవిడకి వినబడుతుంది, మాటకారి.

"ఏటి అన్నయ్యా, బాగున్నారా? మావోడు నిద్దట్లో కూడా సేతులు తిప్పతన్నాడు."

సన్యాసమ్మ పకపకా నవ్వింది. నేను తల ఊపాను.

"పిల్లని మాకిస్తారా? మీరు సెప్పాల."

పైడి నా నోటివైపు చూస్తోంది. నోటి బదులు నా చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెలి తిప్పాను. నిమ్మళంగా. పైడి ముఖం...

తెరలో ఆవిడ బిగుసుకుపోయింది, నోరు సగం తెరిచి. దీపం ఆరుతోంది, వెలుగుతోంది.

పోయే దారి ఇరుకు. నా చెయ్యి పాతపట్నం చేరిందో, దారిలో ఎక్కడ ఆగిందో. చేరినా ఆవిడకేం తెలుసు. సూరికి మీసం నేర్పింది పైడి, ఇది నేర్పిందో లేదో.

"ఫోనెత్తి సెప్పీరాదా" అంటోంది సన్యాసమ్మ. పైడి వద్దంది. నా చెయ్యి దింపనివ్వడం లేదు. వాళ్లు మళ్లీ కనబడేదాకా అలాగే ఉంచాలంట.

కుడి చేత్తో రాస్తున్నాను.