ఈస్టరు గుడ్లు, పోయిన పరీక్ష

అమలాపురం, సోమవారం

అమ్మా,

బాగానే ఉన్నాను, కంగారుపడకు. నిన్న మా జర్మన్ భాష నేర్పే స్కూల్లో ఈస్టరు చేశారు. అందరూ చర్చి నుంచి వచ్చేలోగా గుడ్లకు రంగులేసి కొబ్బరితోటలో దాచే పని మేడమ్ నాకు అప్పగించారు. మనింట్లో గుడ్డు ముట్టిందెవరు? ముందు ఉడకబెట్టాలని నాకేం తెలుసు! దొరికిన మొదటి గుడ్డు మేడమే పగలగొట్టారు. తెల్లచీరంతా సొన.

“పంతులుగారమ్మాయికి గుడ్లప్పగించేరు, ఇంకేమవుద్దండీ మేడమ్!” అని నాతో చదివే నర్సు ఎస్తేరు పడీపడీ నవ్వింది.

కంగారులో నేను క్షమాపణంతా జర్మన్లోనే గడగడా చెప్పేశాను. మేడమ్ చీర సంగతి మర్చిపోయి, “ఈ నోరు మొన్న పరీక్షలో ఏమైపోయిందమ్మా?” అన్నారు.

అందుకే ఆ పరీక్ష మళ్ళీ రాస్తాను. ఇక చాలు, వచ్చేయమన్నారు కదా నాన్నగారు, ఇంకొక్క నెల ఆగమని నువ్వే చెప్పాలి. నిజంగా అలసిపోయానమ్మా, పుస్తకం తెరిస్తే నిద్రొస్తోంది. చెల్లికి జ్వరం తగ్గిందా? పల్చటి దుప్పటి, కాస్త కందిపొడి బస్సులో పంపు.

నాన్నగారికి, మామ్మకి నమస్కారాలు. ఈ నెల్లాళ్ళూ ఫోను మాత్రం చేయకు. నీ గొంతు వింటే బస్సెక్కేస్తాను. అందుకే ఈ కార్డు.

నీ
ప్రసూన