ఒక్కపొద్దు నాటి మాత్ర

సోమవారం, రాత్రి

పొద్దున వృద్ధాశ్రమంలో మునెప్ప తాత నుదుటి మీద విభూతి రోజూకన్నా వెడల్పుగా కనిపించింది. షుగర్ మాత్ర ఇవ్వబోయి ఆగాను.

"తాతా, టిఫిన్ తిన్నారా?"

"ఈ దినం సోమారం గదా, ఒక్కపొద్దమ్మా. మాత్ర ఇయ్యి, మింగేస్తా. గనిలో దిగినోణ్ణి, దీనికి బెదిరేదా?"

ఖాళీ కడుపుతో అది వేసుకుంటే షుగర్ పడిపోయి సొమ్మసిల్లుతాడు. ఇవ్వనని చెప్పి సిస్టర్‌ను పిలిచాను. ఆమె డాక్టర్‌కు ఫోన్ చేసింది. సాయంత్రం తిన్నాకే ఇవ్వమన్నారు.

రాగిముద్ద తిని, మాత్ర మింగి తాత నవ్వాడు. "మా మేస్త్రీకన్నా గట్టిదానివమ్మా! ఇంగ దినామూ నువ్వే రా."

మనసు తేలిగ్గా ఉంది. కానీ పోయిన సోమవారాల్లో తాతను ఎవరైనా అడిగారో లేదో...

మందుల ట్రే నా చేతికి ఇచ్చింది ఇవాళే.