రెండు సెకన్ల బావి

బుధవారం రాత్రి

ఈ రోజు తొమ్మిదో తరగతి పిల్లల్ని కోహీర్ రోడ్డు పక్కన మల్లమ్మ చేనులోని బావి దగ్గరికి తీసుకెళ్లాను. రాయి వదిలి, చప్పుడు వినపడేదాకా ఎంతసేపు పట్టిందో చూస్తే లోతు తెలుస్తుందని చెప్పాను. మూడుసార్లు వదిలాం. ప్రతిసారీ రెండు సెకన్లకు నీళ్లలో పడ్డ చప్పుడు వచ్చింది. లెక్క ప్రకారం ఇరవై మీటర్లు. ముప్పై మంది పిల్లలూ విన్నారు, నేనూ విన్నాను.

సరిచూద్దామని తాడుకు రాయి కట్టి దించాను. పన్నెండు మీటర్లకే అడుగు తగిలింది. పైకి లాగితే రాయి పొడిగా ఉంది. ఫోన్ లైటు వేసి చూస్తే అడుగున ఎండిన ఎర్రమట్టి, దాని మీద మేం వేసిన మూడు రాళ్లు.

మల్లమ్మ కలుపు తీస్తూ, తలెత్తకుండానే అంది. "నీళ్లు ఎండి పదేండ్లాయె టీచరమ్మా. సప్పుడే పోలే. పిల్లల్ని జర దూరం నిలబెట్టు."

పిల్లల్ని వెనక్కి జరిపాను. పన్నెండు అని రాసుకోండని పిల్లలకు చెప్పేశాను. స్రవంతి ఒక్కతే రాయలేదు.

"మనం ఇన్నది రెండు సెకన్లు గదా టీచర్?" అంది.

ఇప్పుడు ఆ అమ్మాయి నోట్సు నా ముందుంది. ఇరవై అనే ఉంది. చాలాసేపు చూసి, రైటు కొట్టి సంతకం పెట్టాను. మిగతా ఇరవై తొమ్మిది నోట్సుల్లో ఏం పెట్టాలో తెలియడం లేదు...