గౌరి ఆఖరి పోటీ

మంగళవారం, నెల్లిమర్ల

ఎడమ కంటికి ఇంకొక దెబ్బ తగిలితే చూపు పోతుందని డాక్టరు చెప్పినా, గౌరి మళ్లీ బాక్సింగ్ రింగులోకి దిగుతానంటోంది.

"ఓడిపోయి మానేస్తే రాష్ట్ర ఛాంపియనని ఎవులూ అనరమ్మా. ఆఖర్న ఓడిపోనాదంటారు."

దాని పోటీలన్నీ రాసుకున్న నోటుబుక్కు ముందు పెట్టాను. ప్రతి గెలుపు, ఓటమి పక్కన ఆరోజు ఏ దెబ్బతో ఇంటికొచ్చిందో కూడా రాశాను. గౌరి అది చూడటం ఇదే మొదలు.

"గెలిసిన రోజుల్లోనే ఎక్కువ దెబ్బలున్నాయేటి? నీకెవులు సెప్పారు?"

"నువ్వు సెప్పనేదు. జడేసినప్పుడల్లా సూసీదాన్ని."

చాలాసేపు పేజీలు తిప్పింది. మానేస్తానని మాత్రం అనలేదు. "రేపు ప్రాక్టీసుకి ఐదింటికి లేపమ్మా" అని పడుకుంది.

ఇన్నేళ్లలో ఒక్కరోజూ లేపడం మానలేదు. రేపు మాత్రం...