బాలయేసు చేతివేళ్ళు

సియెనా నుంచి

అమ్మకు, నీ చెయ్యి కళ్ళకద్దుకుని నికిఫోరోస్ రాస్తున్నది. నేనిక్కడ కులాసా. థెస్సలొనీకలో నువ్వూ అక్కా కులాసాగానే ఉన్నారని తలుస్తాను.

ఉపవాసాలు మానలేదు, బెంగపడకు. నాన్న నేర్పినట్టే గీస్తున్నావా, అక్కడి పోకడలు అంటుకున్నాయా అని అడిగావు. పెళ్ళి మాటా అడిగావు. దానికి తర్వాత వస్తాను.

ఇక్కడి రొట్టెలవాళ్ళ సంఘం తమ చర్చికి మరియమాత బొమ్మ గీయమంది. లోపలి బొమ్మ మన పద్ధతిలోనే, బంగారు పూత మీద, కదలక మెదలక. చుట్టూ చట్రం మాత్రం వాన్ని అనే కొయ్యపనివాడిది. ఫ్రాన్సువాళ్ళ పద్ధతిలో అన్నీ ఆకాశానికి లేచిన మొనలే.

"మీ బొమ్మల్లో అందరూ కర్ర మింగినట్టు నిలబడతారేమోయ్!" అంటాడు వాన్ని.

"మీవాళ్ళకి నడుం పట్టేసింది కాబోలు, అందరూ పక్కకి ఒరిగే ఉంటారు" అంటాను నేను. రోజూ పోట్లాడుకుంటాం, కలిసే భోంచేస్తాం.

తీరా బొమ్మ పూర్తయ్యాక సంఘం పెద్ద గీనో వచ్చాడు. బాలయేసు దీవిస్తున్న చెయ్యిని మనవాళ్ళలా, ఉంగరపు వేలు బొటనవేలికి తాకించి గీశాను. ఇక్కడివాళ్ళు బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ చాపి దీవిస్తారన్న ధ్యాసే లేకపోయింది.

"ఏమిటిది? పిల్లాడు చిటికెడు ఉప్పు తీస్తున్నాడా? మా పద్ధతిలో మార్చు, లేకపోతే నీ బొమ్మ నువ్వే పట్టుకుపో!" అన్నాడు గీనో.

నాన్న నేర్పిన వేళ్ళు చెరిపి వాళ్ళ వేళ్ళు పెట్టడానికి నాకు మనసు రాలేదు. మొండికేశాను.

బంగారు రేకు అతికే లాపా, వాన్ని కూతురు, ఫక్కున నవ్వింది. "పసివాడికి దీవెనల గొడవెందుకండీ? వాళ్ళమ్మ ముసుగు పట్టుకు లాగనివ్వండి. పిల్లలు చేసేది అదేగా!"

చెయ్యి గీకేసి అలాగే గీశాను. బిడ్డ ముసుగు లాగుతుంటే తల్లి మనల్ని చూస్తూ కూర్చుంటుందా? ఆమె ముఖం బిడ్డవైపు తిప్పక తప్పలేదు. పెదవుల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. నాన్న ఉంటే కుంచె విరిచేవాడు. బొమ్మ పైకెక్కించిన రోజు గీనో మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. బంగారం మనది, నవ్వు వీళ్ళది. నాకు చాలా సంతోషంగా ఉందమ్మా.

ఇక దాచింది చెబుతాను. నువ్వు చూసిన అమ్మాయి నాకొద్దు. నాకు లాపా కావాలి. వీళ్ళ చర్చిలో మనలా ప్రసాదపు రొట్టె పులియబెట్టరు, నీ దృష్టిలో అది పెద్ద తప్పే, నిజమే. లాపా వంట మాత్రం బాగుంటుంది.

"మీ అమ్మ ఒప్పుకుందా? ఆవిడ మాట లేందే పిల్లనివ్వను" అన్నాడు వాన్ని.

ఎప్పుడో ఒప్పుకుందని చెప్పేశాను. నన్ను అబద్ధాలకోరును చెయ్యకమ్మా.

ఇట్లు,
నీ చిన్నకొడుకు
నికిఫోరోస్